ఎండిన నేలల్లో బాట ఫోటోకు ఎందుకు అందడం లేదు?

ప్రశ్న:
చెట్టూ చేమా అరుదైన మెట్ట నేలల గుండా సాగే మట్టిరోడ్లను, కాలిబాటలను కొన్ని నెలలుగా ఫోటో తీస్తున్నాను. అక్కడ నిలబడితే బాట కొండ మొదలు దాకా చూపును తన వెంట తీసుకుపోతుంది. ఫోటోలో మాత్రం ముందు భాగమంతా ఖాళీ మట్టి నిండి, బాట సన్నని గీతై నేల రంగులో కలిసిపోతోంది. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సార్ ఉన్న) కెమెరాపై విశాలంగా చూసే 24 మి.మీ. లెన్స్ వాడుతున్నాను, ఎక్కువగా ఉదయం పది దాటాకే తీస్తున్నాను. లోపం లెన్స్‌దా, వెలుగుదా, నేను నిలబడే చోటుదా?

సమాధానం 1:
ముందుగా వెలుగు సంగతి చూడండి. బాటదీ పక్క నేలదీ ఒకే మట్టి కనుక రంగులో తేడా తక్కువ, వాటిని విడదీసి చూపేది నీడే. సూర్యుడు 10 నుంచి 15 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు బండిచాళ్ల అంచులు, గడ్డి దుబ్బులు, చివరికి గులకరాళ్లు కూడా తమ ఎత్తుకు నాలుగు నుంచి ఆరు రెట్ల నీడ పరుస్తాయి. అయితే ఆ వెలుగు బాటకు అడ్డంగా పడాలి. ఉత్తర దక్షిణాలుగా సాగే బాటకు ఉదయం, సాయంత్రం రెండూ అనుకూలమే. తూర్పు పడమరలుగా సాగే బాటలో చాళ్ల నీడ చాలావరకు చాళ్ల వెంటే పడి, వాటి లోతు తెలియదు.

సమాధానం 2:
పై మాట నిజమే కాని, నా అనుభవంలో అంతకంటే పెద్ద తేడా తెచ్చేది ఎత్తు. సమతల నేలపై కెమెరాను 1.5 మీటర్ల నుంచి 3 మీటర్లకు ఎత్తితే, దూరంలోని బాట క్షితిజరేఖకు కింద దాదాపు రెండింతల చోటు తీసుకుంటుంది. అందుకే చిన్న మట్టిదిబ్బ దొరికినా ఎక్కండి. అక్కడి నుంచి దూరాన్ని దగ్గరగా చూపే 85 లేదా 135 మి.మీ. లెన్స్‌తో దూరపు మలుపులను మాత్రమే ఫ్రేమ్‌లోకి తీసుకుంటే, మిమ్మల్ని బాధిస్తున్న ఖాళీ మట్టి బయటే ఉండిపోతుంది. అయితే ఎండ ముదిరాక నేల మీది వేడిగాలి కదలికకు దూరపు బాట వణికినట్టు, కరిగినట్టు కనబడుతుంది, దాన్ని ఏ లెన్సూ సరిచేయలేదు. 24 మి.మీ. వదలనక్కర లేదు: ముందు భాగంలో లోతైన చాళ్లో, పగుళ్లో ఉన్నప్పుడు ఎఫ్/11 (లెన్స్ రంధ్రాన్ని చిన్నది చేసే అమరిక) వద్ద సుమారు 1.8 మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే, 0.9 మీటర్ల నుంచి అనంతం దాకా తగినంత స్పష్టత వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. నేను తీసిన బాటలన్నీ తూర్పు పడమరలవేనని ఇప్పుడే గమనించాను. పోలరైజర్ (లెన్స్ ముందు బిగించి ఆకాశాన్ని ముదురు చేసే ఫిల్టర్) వాడితే ఆకాశం ఒక పక్కే ముదురుగా వస్తోంది, ఎందుకు?

సమాధానం 3:
ఆ ఫిల్టర్ ప్రభావం సూర్యునికి 90 డిగ్రీల దిశలో అత్యధికం. 24 మి.మీ. లెన్స్ అడ్డంగా 74 డిగ్రీల మేర చూస్తుంది కనుక ముదురు భాగం, లేత భాగం రెండూ ఒకే ఫ్రేమ్‌లో పడతాయి. వైడ్ లెన్స్‌పై దాన్ని తీసేయండి, లేదా ఆకాశాన్ని తగ్గించండి. మరొక సంగతి: లేత రంగు మట్టి ఫ్రేమ్ నిండా ఉంటే కెమెరాలో వెలుగును కొలిచే మీటర్ దాన్ని మధ్యస్థ బూడిద రంగుకు దించేస్తుంది కనుక, హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగు నీడల పంపిణీ చూపే గ్రాఫ్) చూస్తూ ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్‌లో (వెలుగును రెట్టింపు చేసే మెట్టులో) మూడింట రెండు వంతుల దాకా పెంచండి. లెన్స్ మార్చవలసి వస్తే, వాహనం రేపిన దుమ్ము పూర్తిగా అణిగేదాకా ఆగండి.