కారు జారుతున్న బొమ్మ ఉన్న పసుపు లైటు ఆరట్లేదు, టైర్ల వల్లేనా?

ప్రశ్న: అరకు ఘాట్‌లో వానలో ఎక్కుతుంటే ఆ లైటు మినుకుమినుకుమని ఆరిపోయింది. ఇప్పుడు పొడి రోడ్డు మీద కూడా వెలిగే ఉంటోంది, టెన్షన్‌గా ఉంది. ముందు టైర్లు ఈమధ్యే మార్చాం, వెనకవి పాతవే. నడపొచ్చా?

జవాబు: ఆ లైటు ట్రాక్షన్ కంట్రోల్‌ది, అంటే చక్రాలు జారకుండా చూసే సిస్టమ్‌ది. మినుకుమనడం వేరు, వెలిగే ఉండటం వేరండి. ఘాట్‌లో చక్రం జారుతుంటే ట్రాక్షన్ కంట్రోల్ ఇంజిన్ పవర్ తగ్గించో, ఆ చక్రానికి బ్రేకు వేసో తన పని చేసింది, అప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం తగ్గిస్తే చాలు. ఆరకుండా ఉంటే మాత్రం ముందు ఆ సిస్టమ్ ఆఫ్ బటన్ నొక్కి ఉందేమో చూడండి. లేదంటే చక్రం దగ్గరి స్పీడ్ సెన్సర్‌కి బురద పట్టడమో, వైరు దెబ్బతినడమో అయ్యుండొచ్చు. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే సిస్టమ్) లైటు కూడా వెలిగితే అస్సలు ఆలస్యం చెయ్యకండి, రెండూ ఆ సెన్సర్ల మీదే నడుస్తాయి. ఏబీఎస్ పని చెయ్యకపోయినా మామూలు బ్రేకు పడుతుంది కానీ తడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోవచ్చు.

ఇంకో జవాబు: కొత్త టైర్ల సైజు పాతవాటితో సరిపోయిందా? తేడా ఉంటే చక్రాల వేగాలు కలవక సిస్టమ్ తప్పుగా అర్థం చేసుకుంటుంది. టైర్లలో గాలి ఎంతుందో బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలి, డోర్ దగ్గరి స్టిక్కర్ మీద ఉన్నంతే కొట్టించండి. టైరు గాడి లోతు 1.6 మి.మీ.కి వచ్చేదాకా ఆగొద్దు, వానల్లో 3 మి.మీ. దగ్గరే మార్చేయడం మంచిది. ఇంకొకటి, రెండే కొత్తవైతే అవి వెనక ఉండాలి, ముందు కాదు. వెనక పట్టు పోతే బండి గిర్రున తిరిగిపోతుంది.

అడిగినవారు: సైజు ఒకటేనండి, బటన్ కూడా కాదు. రేపే లోపం ఎక్కడుందో స్కాన్ చేయించి, కొత్తవి వెనక్కి మార్పిస్తాను.