అప్‌డేట్: బ్రాంచింగ్ పాఠం ఈసారి ఎక్కింది

పోయిన నెల అడిగాను కదా, విజయనగరంలో మా మేడ మీద డిగ్రీ పిల్లలకి గిట్ (ఫైళ్ళలో చేసిన మార్పుల చరిత్రని దాచిపెట్టే సాఫ్ట్‌వేర్) చెబుతుంటే బ్రాంచ్ (అసలు పనిని కదపకుండా పక్కన విడిగా మార్పులు చేసుకునే దారి) దగ్గరికొచ్చేసరికి అందరూ బిక్కమొహం వేస్తున్నారు, ఎలా చెప్పాలి అని. చెట్టు కొమ్మల బొమ్మ గీసి చెప్పడం మానేయమని మీలో కొందరు అన్నారు, మానేశాను. నిజమే, ఏ కొమ్మయినా తిరిగొచ్చి కాండంలో కలుస్తుందా?

బ్రాంచ్ అంటే ప్రాజెక్టుకి జెరాక్స్ కాపీ అనుకుంటున్నారు వీళ్ళు. అందుకని దాచిన గిట్ ఫోల్డర్ తెరిచి, మెయిన్ (అసలు బ్రాంచ్ పేరు) అనే ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో చూపించాను. 40 అక్షరాలు, అంతే. చివరి కమిట్ (గిట్‌లో సేవ్ చేసిన మార్పు) అడ్రస్ అది. "ఇంతేనా సార్!" అన్నారు.

తర్వాత పెళ్లి భోజనాల మెనూ ఒక ఫైల్‌లో రాయించి, ఇద్దరి చేత చెరో బ్రాంచ్ తీయించాను. బ్రాంచ్ మారడానికి వాడే పాత కమాండ్ చెక్అవుట్ జోలికి పోలేదు, అది నాలుగు పనులు చేసి కంగారు పెడుతుంది. 2019లో వచ్చిన స్విచ్ కమాండే నేర్పాను. వంకాయ కూర ఉన్న లైన్‌లో ఒకడు పనసపొట్టు అని, ఇంకో అమ్మాయి గుమ్మడికాయ పులుసు అని మార్చారు. మొదటి మెర్జ్ (బ్రాంచ్‌ని మెయిన్‌లో కలపడం) చప్పుడు లేకుండా అయిపోయింది. రెండోదానికి మాత్రం, ఒకే లైన్‌ని ఇద్దరూ వేర్వేరుగా మార్చారు కాబట్టి ఏది ఉంచాలో గిట్‌కి తెలియక, కాన్‌ఫ్లిక్ట్! బాణం గుర్తులు చూసి, ఫైల్ పాడైపోయిందని మావాడు టెన్షన్‌తో ల్యాప్‌టాప్ మూసేశాడు. మళ్ళీ తెరిపించి, గుర్తులు చెరిపించి, రెండు కూరలూ ఉంచి కమిట్ కొట్టించాను.

రీబేస్ (ఒక బ్రాంచ్ కమిట్‌లని ఇంకో కమిట్ మీదకి తెచ్చి మళ్ళీ పేర్చడం) మాత్రం ఇప్పుడే ముట్టుకోను.