ప్రైవేట్ ఈక్విటీ లాభాలు కాగితం మీదేనా, చేతికి వస్తాయా?

మిర్యాలగూడ రైతుబిడ్డ: భూమి అమ్మిన సొమ్ములో కోటి రూపాయలు ప్రైవేట్ ఈక్విటీ ఫండులో (షేర్ మార్కెట్లో నమోదు కాని కంపెనీల వాటాలు కొని, కొన్నేళ్లకు అమ్మే ఫండు) పెట్టమని మా బావగారికి ఒక సలహాదారు చెబుతున్నారు. మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2012 నిబంధనల ప్రకారం ఇటువంటి ఫండ్లలో మామూలు మదుపరి కనీసం కోటి పెట్టాలి. మనవంటి వర్ధమాన దేశాల్లో ఇవి నిజంగా షేర్ మార్కెట్‌ను మించి రాబడి ఇచ్చాయా?

పాలమూరు పట్టభద్రుడు: ఇచ్చాయనే నా వాదన. కంపెనీ వేగంగా ఎదిగేది మార్కెట్లో నమోదు కాకముందే. 2018లో వాల్‌మార్ట్ ఫ్లిప్‌కార్ట్‌లో సుమారు 77 శాతం వాటాను 1,600 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు, ముందే ప్రవేశించిన ఫండ్లు బాగా లాభపడ్డాయి.

నల్లగొండ ఆడిటర్: ఒక్క ఫ్లిప్‌కార్ట్‌ను చూపి మిగతా ఫండ్లన్నిటినీ తూచలేము. 2008 ఆరంభంలో డాలరు దాదాపు 40 రూపాయలు, 2013 ఆగస్టు 28న దాదాపు 68. ఆ మధ్యకాలంలో రూపాయల్లో సొమ్ము రెట్టింపయినా, విదేశీ మదుపరికి ఒక డాలరుకు దక్కింది 1.18 డాలర్లే. ఇక మన పక్కనే, అప్పటి మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో మొదలైన, పేద మహిళలకు చిన్న అప్పులిచ్చే ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్‌ను చూడండి. షేరును 985 రూపాయలకు జనానికి అమ్మి, 2010 ఆగస్టులో మార్కెట్లో నమోదైంది. అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఇలాంటి అప్పుల సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తేవడంతో మన ఊళ్లలో వారం వారం సాగే వసూళ్లు నిలిచిపోయాయి. రెండేళ్లలోపే షేరు వంద రూపాయల కిందికి జారింది. నమోదులోనే కొంత వాటా అమ్ముకున్న ఫండ్లకు, ఆగినవారికి మధ్య తేడా తెచ్చింది బయటపడిన తేదీయే.

పాలమూరు పట్టభద్రుడు: బావగారు పెట్టేదీ తీసుకునేదీ రూపాయల్లోనే కాబట్టి డాలరు లెక్క ఆయనకు వర్తించదు కదా, ఆడిటర్ గారూ!

నల్లగొండ ఆడిటర్: ఆ మాట ఒప్పుకుంటాను. అయితే ఆయనకు అసలు చిక్కు వేరే ఉంది. ఫండు సొమ్మును విడతలుగా అడుగుతుంది, రాబడి శాతాన్ని అడిగిన రోజు నుంచే లెక్కిస్తుంది. అడిగేదాకా ఆ డబ్బు బ్యాంకులో తక్కువ వడ్డీకి పడి ఉండవలసిందే. దానికి తోడు ఏటా 2 శాతం రుసుము, లాభంలో 20 శాతం వాటా చెల్లించడం ఈ రంగంలో పరిపాటి. ఏడెనిమిదేళ్లపాటు మధ్యలో తీసుకునే వీలు ఉండదు. పిల్ల పెళ్లికో వైద్యానికో అవసరం పడితే ఆ కోటి ఆయనకు అక్కరకు రాదు. కాబట్టి అమ్మని వాటాలకు వారే వేసుకున్న విలువను పక్కనపెట్టి, ఇదే సంస్థ పాత ఫండ్లు మదుపరులకు ఇప్పటివరకు ఎంత నగదు తిరిగి ఇచ్చాయో సలహాదారును రాతపూర్వకంగా అడగమనండి. ఆ కాగితం వస్తే ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.