ప్లే స్టోర్ బయటి యాప్‌లకు గూగుల్ కొత్త తాళం: ఒప్పుకోవాలా, వద్దా?

పాకాల_కోడ్:
తెలియనివాళ్ల కోసం ముందు విషయం. 2025 ఆగస్టులో గూగుల్ ఒక ప్రకటన చేసింది. గూగుల్ సర్టిఫికేషన్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఏ యాప్ ఎక్కాలన్నా, అది ప్లే స్టోర్‌ది కానీ వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే (యాప్ ఎక్కించే ఫైల్) కానీ, దాన్ని తయారుచేసినవాళ్లు గూగుల్ దగ్గర నమోదై ఉండాలి. పేరు, చిరునామా, ఫోన్ నంబర్ ఇవ్వాలి, అవసరమైతే ప్రభుత్వ గుర్తింపు కార్డు కూడా. ప్యాకేజీ పేరు (ఆ యాప్‌కు ఉండే ప్రత్యేక గుర్తింపు పేరు), యాప్ మీద డిజిటల్ సంతకం చేసే కీ తమవేనని రుజువు చూపాలి. 2026 సెప్టెంబర్‌లో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయిలాండ్‌లలో మొదలుపెట్టి, 2027 నుంచి మిగతా దేశాలకు తెస్తామన్నారు. గొడవ ముదిరాక అదే ఏడాది నవంబర్‌లో కొంత మెత్తబడ్డారు. అనుభవమున్నవాళ్లు హెచ్చరికలు దాటుకుని నమోదు కాని యాప్ వేసుకునే దారి ఒకటి ఉంచుతామన్నారు. విద్యార్థులకు, సరదాగా రాసేవాళ్లకు కొద్ది ఫోన్ల వరకు పంచుకునే ఖాతా ఒకటి ఇస్తామన్నారు.

నా మాట సూటిగా: ఇది వద్దు. ఫోన్‌కు డబ్బు కట్టింది నేను. నిట్‌లో చదివే అమ్మాయి హన్మకొండ బస్సుల టైములు చూపే యాప్ రాసి హాస్టల్ దాటి ఊరంతా పంచాలంటే 25 డాలర్లు కట్టి, తన గుర్తింపు ఒక కంపెనీ చేతిలో పెట్టాలా? ప్లే స్టోర్ వాళ్ల కొట్టు, అక్కడ వాళ్ల షరతులు పెట్టుకోనీ. ఈ నిబంధన కొట్టు బయట రోడ్డు మీదికి వస్తోంది.

చౌరస్తా_మొబైల్స్:
తమ్మీ, నువ్వు చెప్పేది చదువుకున్న పిల్లల సంగతి. రిపేర్ కౌంటర్ మీదికొచ్చే ఫోన్ల సంగతి వేరే ఉంటది. పెళ్లి పత్రిక అని ఒక ఏపీకే, ట్రాఫిక్ చలాన్ అని ఒకటి, పీఎం కిసాన్ పైసలు అని ఇంకోటి. పనిచేసే తీరు అన్నిటిదీ ఒక్కటే. వేసినంక ముందుగాల ఎస్సెమ్మెస్ అనుమతి అడుగుతది, తర్వాత నోటిఫికేషన్లు చదివే అనుమతి, ఆఖరికి యాక్సెసిబిలిటీ. ఆ మూడోది ఇచ్చినవంటే స్క్రీన్ మీద ఏముందో చదువుతది, నీ బదులు బటన్లు అదే నొక్కుతది. ఐకాన్ మాయమైతది. ఓటీపీ నీకంటె ముందు వాడికి పోతది. ఇంకా నీ వాట్సాప్ నుంచే నీ చుట్టాలకు అదే ఫైల్ పోతది, నీ పేరు చూసి వాళ్లు కూడా నొక్కుతరు.

బయటి ఏపీకే వేసేవాళ్లల్ల తెలిసి వేసేటోళ్లు ఎంతమంది, తెలియక వేసేటోళ్లు ఎంతమంది? పత్తి సీజన్ల ఏనుమాముల మార్కెట్ దగ్గర నిలబడి చూడు. కపాస్ కిసాన్ యాప్‌ల స్లాట్ బుక్ చేస్తెనే సీసీఐ (కాటన్ కార్పొరేషన్) మద్దతు ధరకు కొంటది. ఆ తొందరల ఎవడో "ఇదే యాప్" అని ఫైల్ పంపితె రైతు ఏం పోల్చుకుంటడు?

పాకాల_కోడ్:
అన్నా, ప్రమాదం లేదని నేను అనడం లేదు. తాళం తప్పు తలుపుకు వేస్తున్నారంటున్నాను. ఇప్పటికే ఉన్నవి చూడండి. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి "తెలియని యాప్‌ల ఇన్‌స్టాల్" అనుమతి ఒక్కో యాప్‌కు విడిగా ఇవ్వాలి. క్రోమ్‌కు ఇస్తే వాట్సాప్‌కు ఇచ్చినట్టు కాదు. 2022లో ఆండ్రాయిడ్ 13 వచ్చాక, బయటి నుంచి వేసిన యాప్‌కు యాక్సెసిబిలిటీ, నోటిఫికేషన్ల అనుమతి నేరుగా దొరకదు, ఆ మీట బూడిద రంగులో ఉంటుంది. 2024 అక్టోబర్‌లో యాప్‌లను తనిఖీ చేసే ప్లే ప్రొటెక్ట్‌లో ఒక ప్రయోగాన్ని మన దేశానికి కూడా ప్రకటించారు: బ్రౌజర్, వాట్సాప్, ఫైల్ మేనేజర్ నుంచి వచ్చిన ఏపీకే మీరు చెప్పిన అనుమతులు అడిగితే ఇన్‌స్టాలే ఆపేస్తుంది. ఇవన్నీ యాప్ ఏం చేస్తుందో చూసి ఆపేవి. కొత్త నిబంధన రాసింది ఎవరో చూస్తుంది.

ఎవరో అన్నది కిరాయికి దొరికే సరుకు. సైబర్ మోసాల డబ్బు పోయే బ్యాంకు ఖాతాలన్నీ కేవైసీ అయినవే కదా, నాలుగు వేలిస్తే పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు ఇచ్చేసేవాళ్లున్నారు. రేపు డెవలపర్ ఖాతా కూడా అట్లాగే అమ్ముతారు. నిజంగా దెబ్బ తినేది, సోర్స్ కోడ్ బయటపెట్టిన యాప్‌లను ఉచితంగా పంచే ఎఫ్‌-డ్రాయిడ్ లాంటివి. అక్కడ సోర్స్ కోడ్ తీసుకుని వాళ్లే యాప్‌గా కట్టి, చాలా యాప్‌లకు తమ సొంత కీతో సంతకం చేస్తారు. ప్యాకేజీ పేరు రాసినవాడిది, కీ ఎఫ్‌-డ్రాయిడ్‌ది. ఎవరి పేరు మీద నమోదు చేయాలి?

చౌరస్తా_మొబైల్స్:
ఎఫ్‌-డ్రాయిడ్ ముచ్చట ఒప్పుకుంట. గాని నువ్వు చెప్పిన తాళాలు ఎట్ల పగులుతున్నయో కూడ చెప్పాలె కదా. ఆండ్రాయిడ్ 13ది మొదట్లనే దాటేసిన్రు. బ్రౌజర్ నుంచి వేసిన యాప్‌కే ఆ అడ్డు, స్టోర్లు వాడే సెషన్ పద్ధతిల వేస్తె లేకుండె. అందుకే ముందు ఏ అనుమతి అడగని చిన్న యాప్ వస్తది, అది లోపలికొచ్చి "అప్‌డేట్" పేరుతోని అసలు దొంగను సెషన్ పద్ధతిల దింపుతది. ఇంకోటి, ఆ బూడిద మీట కూడా తెరుచుకుంటది: యాప్ ఇన్ఫోల పైన మూడు చుక్కలు, "పరిమిత సెట్టింగ్‌లను అనుమతించు". ఫోన్ల మాట్లాడుకుంట నొక్కిచ్చేటోనికి అది రెండు నిమిషాల పని. మీట ఉన్నదంటె, బెదిరిచ్చి దాన్ని నొక్కిచ్చేటోడు ఉంటడు.

కేయూ_క్రాస్‌రోడ్:
చట్టం సంగతి రెండు మాటల్లో. 2022 అక్టోబర్‌లో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 1,337.76 కోట్ల జరిమానా వేసింది. (ఇదీ సీసీఐయే. పత్తి కొనే సీసీఐ కాదు, పైన ఉన్నదానితో కలిపి చదవకండి.) ఆ ఉత్తర్వులో సైడ్‌లోడింగ్‌కు (స్టోర్ బయటి నుంచి యాప్ వేసుకోవడానికి) అడ్డు పెట్టొద్దనీ, ప్లే స్టోర్‌లో వేరే స్టోర్లను కూడా ఉండనివ్వాలనీ ఉంది. 2023 మార్చిలో కంపెనీ లా అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాను నిలబెట్టి, నాలుగు ఆదేశాలను మాత్రం కొట్టేసింది. ఈ రెండూ ఆ నాలుగులోనివే. తర్వాత వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. కాబట్టి "సీసీఐ ఎప్పుడో చెప్పేసింది" అని ఇక్కడ ఎవరూ వాదించకండి, ఆ ఆధారం నిలబడదు.

ఐఫోన్‌తో పోల్చేవాళ్లకు: యూరప్‌లో డిజిటల్ మార్కెట్స్ చట్టం ఒత్తిడితో 2024 మార్చిలో ఐఓఎస్ 17.4తో వేరే స్టోర్లు వచ్చాయి. మన దగ్గర ఆ దారి లేదు. ఉచిత ఆపిల్ ఖాతాతో సొంత యాప్ వేసుకుంటే 7 రోజులకు సంతకం గడువు తీరుతుంది, ఒకేసారి 3 యాప్‌లే. ఏడాది పాటు ఉండాలంటే 99 డాలర్ల సభ్యత్వం. ఆండ్రాయిడ్ అటువైపు జరుగుతోందా అన్నదే అసలు ప్రశ్న.

జమ్మికుంట_ట్రేడర్స్:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. షాపు బిల్లింగ్ యాప్‌ను కంపెనీవాళ్లు ఏపీకేగానే ఇస్తారు. కొత్త ఫోన్‌లో వేస్తే "యాప్ ఇన్‌స్టాల్ కాలేదు" అంటోంది. ఇది ఆ కొత్త నిబంధన వల్లేనా?

పాకాల_కోడ్:
కాదండి, మన దగ్గర అది ఇంకా అమల్లోకి రాలేదు. ఆ ఒక్క వాక్యం వెనక చాలా కారణాలుంటాయి, ఈ వరుసలో చూడండి.

శామ్‌సంగ్ అయితే ముందు ఆటో బ్లాకర్: సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అండ్ ప్రైవసీ, అందులో ఆటో బ్లాకర్. కొత్త మోడళ్లలో సెటప్ అప్పుడే ఆన్ అయి ఉంటుంది, బయటి ఏపీకే ఏదైనా ఆపుతుంది. ఆపేసి, యాప్ వేసి, మళ్లీ ఆన్ చేయండి.

తర్వాత యాప్ వయసు. ఆండ్రాయిడ్ 14లో, 6.0 కంటే పాత ఆండ్రాయిడ్‌ను లక్ష్యంగా పెట్టుకుని కట్టిన యాప్‌లు ఎక్కవు. ఆండ్రాయిడ్ 15లో ఆ గీత 7.0కు జరిగింది. బిల్లింగ్ యాప్‌లలో ఈ జబ్బు ఎక్కువ, ఒకసారి రాయించి ఏళ్ల తరబడి అదే పంచుతుంటారు. పిక్సెల్ 7, ఆ తర్వాతివి అయితే 32 బిట్ కోడ్ మాత్రమే ఉన్న యాప్‌ను అసలు తీసుకోవు. ఈ రెండింటికీ మందు కంపెనీ దగ్గరే ఉంది, కొత్తగా కట్టి ఇమ్మనండి.

పాత ఫోన్ నుంచి డేటాతో పాటు యాప్ కూడా వచ్చి ఉంటే సంతకం చూడాలి. ఫోన్‌లో ఉన్నదాని కీ, కొత్త ఏపీకే కీ వేరైతే అప్‌డేట్ ఒప్పుకోదు. పాతది తీసేస్తే కొత్తది ఎక్కుతుంది, కానీ తీసిన క్షణంలో లోపలి బిల్లులన్నీ పోతాయి. ముందు యాప్‌లోంచే బ్యాకప్ ఎగుమతి చేసి కంప్యూటర్‌లో పెట్టుకోండి. కీ ఎందుకు మారిందో కంపెనీవాళ్లను అడగండి కూడా, మీకు ఆ ఫైల్ వాళ్ల నుంచే వచ్చిందా అన్నది తేలుతుంది.

ఇంకో అవకాశం, వాళ్లు ముక్కల ఏపీకేలో ఒక్క ముక్కే పంపడం. 2021 ఆగస్టు నుంచి ప్లే స్టోర్‌లో కొత్త యాప్‌లు బండిల్ రూపంలోనే ఇవ్వాలి, దాన్నుంచి ఒక్కో ఫోన్‌కు తగ్గ ముక్కలు వస్తాయి. ఫోన్‌లోంచి తీసి పంచితే మూల ముక్క వస్తుంది, స్క్రీన్‌దీ ప్రాసెసర్‌దీ రావు.

ఏదీ తేలకపోతే కంప్యూటర్ నుంచి ఏడీబీతో (ఫోన్‌కు ఆదేశాలిచ్చే పనిముట్టు) వేయండి. అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబర్‌ను 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. షావోమీలో బిల్డ్ నంబర్ బదులు ఓఎస్ వెర్షన్ నొక్కాలి. అక్కడ యూఎస్‌బీ డీబగింగ్ ఆన్ చేసి కేబుల్ పెట్టి ఏడీబీ ఇన్‌స్టాల్ ఆదేశం ఇవ్వండి. షావోమీలో "ఇన్‌స్టాల్ వయా యూఎస్‌బీ" అనేది విడిగా ఉంటుంది, అది ఆన్ కావాలంటే సిమ్ ఉండాలి, మీ ఖాతాలో లాగిన్ అయి ఉండాలి. ఏడీబీ "ఇన్‌స్టాల్ కాలేదు" అని ఊరుకోదు, కారణం పేరుతో సహా చెప్తుంది. పని కాగానే డీబగింగ్ ఆపేయండి, అది ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు.

చౌరస్తా_మొబైల్స్:
చూసినవా, సక్కటి బిల్లింగ్ యాప్‌కే ఇంత కథ. కొత్త నిబంధన వచ్చినా ఏడీబీ దారి ఉంటదని గూగుల్ చెప్పింది. తెలిసినోడు కేబుల్ పెట్టుకుంటడు, పెద్దమనిషి ఫోన్ల మాత్రం వాట్సాప్ ఫైల్ ఎక్కదు. గిందుల నష్టం ఏంది?

పాకాల_కోడ్:
నష్టమేమిటంటే, హెచ్చరికలు దాటే ఆ దారి లేకుండా ఏడీబీ ఒక్కటే మిగిలితే ఎఫ్‌-డ్రాయిడ్ నుంచి తెలుగు కీబోర్డు వేసుకోవాలంటే కూడా ల్యాప్‌టాప్ ఉండాలి. మన వైపు ఎన్ని ఇళ్లలో ఫోన్ ఒక్కటే కంప్యూటర్! వాయిదా పద్ధతి పెట్టనీ, ఒప్పుకుంటాను: బయటి యాప్ దారి తెరవమని అడిగితే ఒక రోజు ఆగి తెరవాలి. అవతలివాడు తొందరపెట్టే మోసం ఒక రోజు ఆగితే చాలావరకు చెదిరిపోతుంది, ఎవరి గుర్తింపు కార్డూ అక్కర్లేదు. కానీ ఆ మీట ఫోన్ యజమాని చేతిలోనే ఉండాలి.

చౌరస్తా_మొబైల్స్:
ఒక రోజు ఆగుడు మంచిగనే ఉంటది. గాని డిజిటల్ అరెస్ట్ అని మూడు నాలుగు రోజులు వీడియో కాల్ల కూసోబెట్టేటోళ్లు ఒక్క రోజు ఆగలేరా? నా ఓటు గుర్తింపుకే.

ఈలోపు ఎవరి ఫోన్ల అయినా గసోంటి ఫైల్ ఎక్కిందంటె: ముందు ఏరోప్లేన్ మోడ్, వైఫై కూడా బంద్. సిమ్ తీసి కీప్యాడ్ ఫోన్ల వెయ్యండి, ఇంక ఓటీపీలు అండ్లకే వస్తయి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చేసి ఖాతా, యూపీఐ ఆపియ్యండి, ఆ వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెయ్యండి. తర్వాత పవర్ ఆఫ్ గుర్తును నొక్కి పట్టుకుంటె శాన మోడళ్లల్ల సేఫ్ మోడ్ వస్తది, బయటి యాప్‌లు అండ్ల నడవయి. సెట్టింగ్స్‌ల డివైస్ అడ్మిన్ లిస్టుల ఆ యాప్ టిక్ తీసి అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చెయ్యండి, లేకుంటె తీయనియ్యది. ఫైల్ పంపిన నంబర్‌ది, ఏపీకే పేరుది ఫొటో ఇంకో ఫోన్‌తోని తీసి పెట్టుకోకముందే రీసెట్ కొట్టకండి, ఫిర్యాదుల అవి అడుగుతరు.

జమ్మికుంట_ట్రేడర్స్:
ఏడీబీలో పెట్టి చూస్తే సంతకాలు కలవడం లేదని వచ్చింది. బ్యాకప్ తీసిపెట్టాను. కంపెనీవాళ్లు కీ మార్చలేదంటున్నారు. ఇప్పుడు ఏం చేయాలి?

పాకాల_కోడ్:
అయితే ఫోన్‌లో ఉన్న యాప్, కొత్త ఏపీకే, ఈ రెండిట్లో ఒకటి వాళ్లది కాదు. ఏపీకే తెరవకండి, పాతదీ తీయకండి. ఏపీకేసైనర్ అనే పనిముట్టుతో రెండిటి సర్టిఫికెట్ షా-256 వేలిముద్రలు (కీని పోల్చుకునే అక్షరాల, అంకెల వరుస) తీసి, కంపెనీవాళ్లు తమది ఇచ్చాక పక్కపక్కన పెట్టి చూడండి. అవి ఇక్కడ పెట్టినా ప్రమాదం లేదు, రహస్యమేమీ కాదు.