రొయ్యల వ్యానుకి ఫ్యూయల్ సెల్: మన ఉప్పుగాలికి తట్టుకుంటుందా?

అంతర్వేది_ఆక్వా:
అంతర్వేది చెరువుల నుంచి భీమవరం ప్లాంట్లకి రొయ్యలు తోలే చిన్న వ్యాను. ఐసుతో కలిపి టన్నున్నర లోడు, రానూపోనూ 120 కిలోమీటర్లు. డీజిల్ ఇంజన్ తీసేసి, హైడ్రోజన్‌ని గాలితో కలిపి కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్ పెడితే రోజుకి గ్యాసు ఎంత పడుతుందండీ? వెల్డింగు షాపుల్లో దొరికే సిలిండర్లు సరిపోతాయా? కాకినాడలో గ్రీన్ అమోనియా ప్లాంటు వస్తోంది కదా, ఆ అమోనియానే నేరుగా వాడొచ్చా?

స్టాక్_మెకానిక్:
ఆ సైజు బండికి కిలోమీటరుకి 0.3 యూనిట్లు వేసుకోండి, 36 యూనిట్లు అవుతుంది. కిలో హైడ్రోజన్‌లో 33 యూనిట్ల శక్తి ఉన్నా సెల్ దాటి మోటారుకి వచ్చేది సగమే. అంటే రోజుకి రెండుంబావు కిలోలు. 350 బార్ ట్యాంకులో లీటరుకి 24 గ్రాములే పడుతుంది కాబట్టి 95 లీటర్ల ట్యాంకు కావాలి.

7 ఘనపు మీటర్ల ఇనప సిలిండర్‌లో ఉండేది 0.6 కిలోయేనండి. నాలుగు ఎక్కిస్తే 200 కిలోల పైన ఇనుము మోయాలి. అసలు వాటిని బండికి కట్టి నడపడమే కుదరదు, హైడ్రోజన్ బండ్ల భద్రతా ప్రమాణం ఏఐఎస్-157 ప్రకారం ఆమోదం ఉండాలి. పైగా స్టాక్‌కి, అంటే సెల్స్ పేర్చిన దొంతరకి, 99.97 శాతం స్వచ్ఛమైన హైడ్రోజన్ కావాలి, కార్బన్ మోనాక్సైడ్ పది లక్షల్లో 0.2 పాళ్లు దాటకూడదు.

కోనసీమ_కెమిస్ట్:
గ్యాసు కంటే గాలి గురించే ఎక్కువ ఆలోచించాలండి. కిలో హైడ్రోజన్ వాడితే సుమారు 60 ఘనపు మీటర్ల గాలి స్టాక్‌లోంచి పోతుంది. అందులోని ఉప్పు తుంపర నుంచి వచ్చే సోడియం, సెల్ మధ్యలో ప్రోటాన్లని దాటించే పొరలో వాటి చోటు ఆక్రమించి నిరోధం పెంచుతుంది, క్లోరైడ్ ఉత్ప్రేరకమైన ప్లాటినాన్ని తినేస్తుంది. చెరువు ఎండగట్టినప్పుడు నల్లబురద నుంచి కుళ్ళిన గుడ్ల వాసన వస్తుంది చూడండి, ఆ హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంకా ప్రమాదం. ప్లాటినాన్ని పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. దుమ్ము ఫిల్టరు ఒక్కటే చాలదు, దాని వెనక యాక్టివేటెడ్ కార్బన్ పొర తప్పనిసరి. చెరువు గట్టున లోడింగు అయ్యేంతసేపూ స్టాక్ ఆపేసి బ్యాటరీ మీదే ఐసు పెట్టె నడపండి.

అమోనియా నేరుగా పనికిరాదు. అది అమ్మోనియం అయాన్‌గా మారి పొరలో చేరిపోతుంది. హైడ్రోజన్‌లో అది పది లక్షల్లో 0.1 పాళ్లు దాటితేనే ఒప్పుకోరు. దాని నుంచి హైడ్రోజన్‌ని 600 డిగ్రీల పైన విడగొట్టి శుద్ధి చెయ్యాలి, అది బండి మీద పెట్టుకునే సరంజామా కాదు.

అంతర్వేది_ఆక్వా:
కూలెంటు మామూలుది పోయొచ్చా అండీ? బండి పెట్టే షెడ్డు రేకులది, మూడు వైపులా గోడ, ఫర్వాలేదా?

స్టాక్_మెకానిక్:
వద్దండి. అది కరెంటు పారనిస్తుంది, స్టాక్‌లో వందల వోల్టులు ఉంటాయి. ఫ్యూయల్ సెల్‌కని అమ్మేదే పోసి, అందులోని అయాన్లని పట్టేసే కార్ట్రిడ్జి పెట్టి, వాహకత సెంటీమీటరుకి 5 మైక్రోసీమెన్స్ దాటకుండా చూసుకోవాలి. రేడియేటరు డీజిల్ దానికంటే పెద్దది కావాలి, సెల్ వేడి పొగగొట్టం గుండా పెద్దగా పోదు.

రేకుల కొప్పు దగ్గర గాలి బయటికి పోయే సందు వదలండి, లీకైన హైడ్రోజన్ అక్కడికే చేరుతుంది. వంటగ్యాసులా వాసన కలపడం కుదరదు, ఆ గంధకమే స్టాక్‌ని చెడగొడుతుంది. అందుకని కొప్పులో సెన్సరు పెట్టి 1 శాతానికి అలారం కట్టండి, 4 శాతం నుంచి అంటుకుంటుంది.

లెక్క చూస్తే మాత్రం మీ 120 కిలోమీటర్లకి బ్యాటరీ వ్యానే మేలండి. రెండుంబావు కిలోల హైడ్రోజన్ నీటి నుంచి తీయడానికి 125 యూనిట్ల కరెంటు పోతుంది. బ్యాటరీకి 40 చాలు. హౌరా దాకా చేపలు తోలే లారీలకైతే ఫ్యూయల్ సెల్ గురించి ఆలోచించొచ్చు.