ప్రాంతీయ ఎయిర్‌లైన్ సర్వీసులు ఆపేసింది: టికెట్ డబ్బు రాబట్టడం ఎలా?

ప్రశ్న:
నిన్నటి నుంచి ఒక చిన్న ప్రాంతీయ ఎయిర్‌లైన్ సర్వీసులన్నీ ఆగిపోయాయి. దివాలా పిటిషన్ వేశారట. వచ్చే నెల ఢిల్లీకి టికెట్లున్నాయి. వెళ్లేవి ఎయిర్‌లైన్ సైట్‌లోనే క్రెడిట్ కార్డుతో, వచ్చేవి ట్రావెల్ యాప్‌లో యూపీఐతో కొన్నవి. ఢిల్లీ నుంచి విదేశీ ఫ్లైట్ వేరే పీఎన్ఆర్ మీద ఉంది. సైట్‌లో క్యాన్సిల్ బటన్ ఇంకా పనిచేస్తోంది. నొక్కెయ్యమంటారా?

జవాబు:
ఆ బటన్ జోలికి పోకండి. నొక్కితే ప్రయాణం మీరే మానుకున్నట్టు రికార్డవుతుంది. క్యాన్సిలేషన్ చార్జీలు పోగా మిగిలిందే మీకు రావాల్సిన మొత్తం అంటారు. రేపు బ్యాంకులో వివాదం నడిచినప్పుడు అవతలివాళ్లు మొదట చూపించేదీ అదే. క్రెడిట్ షెల్ (తర్వాతి టికెట్‌కి వాడుకొమ్మని సంస్థ దగ్గరే ఉంచే డబ్బు), వోచర్ ఇస్తామన్నా ఒప్పుకోవద్దు. మూతపడ్డ సంస్థ వోచర్ ఎక్కడ చెల్లుతుంది?

ఈరోజే ఈ-టికెట్ పీడీఎఫ్, రద్దు ఎస్సెమ్మెస్, ఫ్లైట్ స్టేటస్ పేజీ, సంస్థ ప్రకటన అన్నీ తేదీ కనబడేలా దాచుకోండి. ఇలాంటి సైట్లు చెప్పాపెట్టకుండా మాయమవుతాయి. తర్వాత పూర్తి రీఫండ్ కోరుతూ ఎయిర్‌లైన్‌కి ఒక మెయిల్ పెట్టండి. జవాబు రాకపోయినా ఫర్వాలేదు, అడిగినట్టు రుజువుంటే చాలు.

కార్డు టికెట్లకి చార్జ్‌బ్యాక్ ఉంది, అంటే కట్టిన డబ్బును బ్యాంకు ద్వారా వెనక్కి రాబట్టుకునే దారి. కార్డిచ్చిన బ్యాంకు డిస్ప్యూట్ ఫారంలో ‘సేవ అందలేదు’ అన్న కారణమే ఎంచుకోండి. వీసాలో దాని కోడ్ 13.1, మాస్టర్‌కార్డులో 4853. తొందరలో ‘ఈ లావాదేవీ నేను చేయలేదు’ అని టిక్ పెట్టేవాళ్లున్నారు. ఓటీపీ కొట్టి కట్టిన డబ్బు కాబట్టి అది తిరస్కరణకే పోతుంది, పైగా కార్డు బ్లాక్ చేస్తారు. ఈ రెండు నెట్‌వర్కుల్లో గడువు 120 రోజులు. అది కొన్న రోజు నుంచి కాదు, ప్రయాణ తేదీ నుంచి, లేదా సేవ ఉండదని తెలిసిన రోజు నుంచి. సర్వీసులు ఆగిన రోజు నుంచే లెక్కేసుకుంటే గొడవుండదు. ఎటు చూసినా కొన్న రోజు నుంచి 540 రోజులు దాటకూడదు. డెబిట్ కార్డుకీ ఇదే దారి. కస్టమర్‌కేర్‌లో ‘గడువు అయిపోయింది’ అంటే ఆ మాట రాతపూర్వకంగా ఇమ్మనండి. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో బ్యాంకు తేల్చకపోతే ఆర్‌బీఐ ఓంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, ఫీజు లేదు.

ఎయిర్‌లైన్ ఖజానా ఖాళీ అయినా చార్జ్‌బ్యాక్ నిలబడటానికి కారణముంది. ఎయిర్‌లైన్ తరఫున కార్డు చెల్లింపులు తీసుకున్న బ్యాంకు మీద ఆ భారం పడుతుంది. సంస్థ మునిగితే నష్టం ఆ బ్యాంకుది, మీది కాదు.

ఇంకొకరి జవాబు:
యూపీఐ టికెట్ల సంగతి వేరు. వ్యాపారికి కట్టిన డబ్బు మీద యూపీఐలోనూ ఫిర్యాదు పెట్టొచ్చు గానీ కార్డుకున్నంత పట్టు లేదు. ముందు స్టేట్‌మెంట్‌లో డబ్బు ఎవరి పేరు మీద వెళ్లిందో చూడండి. యాప్ పేరుంటే యాప్‌నే పట్టుకోవాలి. ‘మేం మధ్యవర్తులమే, ఎయిర్‌లైన్ ఇస్తే ఇస్తాం’ అన్నది వాళ్ల పాత పాట. ఎయిర్‌లైన్‌కి ఆ మొత్తం ఏ తేదీన చేరిందో, కన్వీనియన్స్ ఫీజు ఎప్పుడు వెనక్కిస్తారో మెయిల్‌లో అడగండి. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. దివాలా మారటోరియం (కేసులు, వసూళ్ల మీద తాత్కాలిక నిలుపుదల) ఎయిర్‌లైన్‌కే రక్ష. యాప్ మీద వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికి అది అడ్డు కాదు.

విదేశీ ఫ్లైట్ గురించి: వేరే పీఎన్ఆర్ కాబట్టి ఆ సంస్థకి మీ మీద ఏ బాధ్యతా లేదు. ఢిల్లీ చేరలేకపోతే నో-షో పడుతుంది, తిరుగు టికెట్ కూడా రద్దయిపోతుంది. ముందే ఇంకో దారి చూసుకోండి, లేదా ఫ్లైట్ బయల్దేరకముందే తేదీ మార్పించండి. ఉడాన్ (చిన్న ఊళ్లకి విమానాలు నడిపే కేంద్ర పథకం) రూటయితే మరో విమానం దొరక్కపోవచ్చు. ఆ పథకంలో గెలిచిన సంస్థకి మూడేళ్ల ప్రత్యేక హక్కు ఇస్తారు, అది ఆగితే ఆ రూట్లో సర్వీసే ఉండకపోవచ్చు. రైలు రిజర్వేషన్ ఇప్పుడే చేయించుకోవడం మేలు.

మళ్లీ ప్రశ్న:
కొన్నాళ్లు ఆగితే మళ్లీ మొదలుపెడతారేమో? దివాలా ప్రక్రియలో క్లెయిమ్ వేస్తే డబ్బు వస్తుందా?

జవాబు:
గతం చూడండి. విజయవాడ కేంద్రంగా నడిచిన ఎయిర్ కోస్టా 2017 ఫిబ్రవరిలో ఆగింది, హైదరాబాద్ ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో. రెండూ తిరిగి ఎగరలేదు. పెద్దవాటి పరిస్థితీ అంతే. 2019 ఏప్రిల్ 17న ఆగిన జెట్ ఎయిర్‌వేస్ విషయం 2024 నవంబరులో సుప్రీంకోర్టు లిక్విడేషన్‌కి (ఆస్తులమ్మి సంస్థను మూసేయడానికి) ఆదేశించడంతో ముగిసింది. 2023 మే 3న ఆగిన గో ఫస్ట్‌కి 2025 జనవరిలో అదే గతి పట్టింది.

ఇప్పుడు ఆశ ఇంకా తక్కువ. గో ఫస్ట్ కేసులో మారటోరియం వల్ల విమానాలు అద్దెకిచ్చిన సంస్థలు వాటిని తీసుకెళ్లలేకపోయాయి. 2024 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు చెప్పాకే రిజిస్ట్రేషన్లు రద్దయ్యాయి. ఈలోగా 2023 అక్టోబరు 3న కేంద్రం విమానాలు, ఇంజిన్లకు మారటోరియం వర్తించదని నోటిఫికేషన్ ఇచ్చింది. విమానాలే వెళ్లిపోయాక నడపడానికేముంటుంది?

క్లెయిమ్ సంగతి. పిటిషన్ వేయడం వేరు, ఎన్‌సీఎల్‌టీ (దివాలా కేసులు చూసే జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్) దాన్ని స్వీకరించడం వేరు. గో ఫస్ట్ 2023 మే 2న వేస్తే 10న స్వీకరించారు. స్వీకరించాక తాత్కాలిక రిజల్యూషన్ ప్రొఫెషనల్ (దివాలా ప్రక్రియ నడిపే వ్యక్తి) పత్రికల్లో ప్రకటన ఇస్తారు. ఆయన నియామకం నుంచి 14 రోజుల్లో క్లెయిమ్ పంపాలి. ఆలస్యమైనా 90 రోజుల దాకా తీసుకుంటారు. ఫారం ‘బి’ (సరుకు, సేవల రుణదాతలది) వేయాలా ‘ఎఫ్’ (ఇతర రుణదాతలది) వేయాలా అన్నది ఆ ప్రకటనలోనో వెబ్‌సైట్‌లోనో చూసుకోండి. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. టికెట్, చెల్లింపు రుజువు, బ్యాంకు వివరాలు జతచేస్తే చాలు. తర్వాత చార్జ్‌బ్యాక్ వస్తే క్లెయిమ్ తగ్గించుకుంటున్నట్టు రాయాలి, రెండుచోట్లా తీసుకోకూడదు.

లిక్విడేషన్‌కి వెళితే పంపకం దివాలా చట్టం సెక్షన్ 53 వరసలో జరుగుతుంది. ప్రక్రియ ఖర్చులు, తాకట్టు ఉన్న బ్యాంకులు, కార్మికుల 24 నెలల బకాయిలు, ఉద్యోగుల 12 నెలల జీతాలు, తాకట్టు లేకుండా అప్పిచ్చిన ఆర్థిక సంస్థల బాకీలు, ప్రభుత్వ బకాయిలు అయ్యాక ‘మిగతా అప్పుల్లో’ ప్రయాణికుడు. అక్కడిదాకా డబ్బు మిగలడం అరుదు. క్లెయిమ్ వేయండి, కానీ దాన్ని నమ్ముకుని చార్జ్‌బ్యాక్ గడువు పోగొట్టుకోవద్దు.

మరొకరి చేర్పు:
ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంటే పాలసీలో ‘ఆర్థిక వైఫల్యం’ క్లాజు వెతకండి. చాలా పాలసీల్లో అది మినహాయింపుల్లోనే ఉంటుంది. సర్వీసులు ఆగిన వార్త వచ్చాక కొన్న పాలసీ దీనికి పనికిరాదు.