చుక్క పెడితే ఎడిటర్ ఏమీ చూపించట్లేదు, ఎందుకు?

ప్రశ్న:
మా నాన్నగారి ఎరువుల షాపుకి బిల్లు వేసే చిన్న ప్రోగ్రాం పైథాన్‌లో రాస్తున్నాను. వాడేది వీఎస్ కోడ్ ఎడిటర్, అందులో పైథాన్‌కి సాయపడే పైలాన్స్ ఎక్స్‌టెన్షన్. సరుకు అని ఒక డేటాక్లాస్ (వివరాలు దాచుకునే క్లాస్) పెట్టాను, అందులో పేరు, ధర, బస్తాలు. (పైథాన్ 3 తెలుగు పేర్లు ఒప్పుకుంటుంది కదా అని అన్నీ తెలుగులోనే.) ఆబ్జెక్ట్ తయారుచేసిన చోట దాని పేరు తర్వాత చుక్క పెడితే ఆ మూడు పేర్లూ టకటకా వస్తున్నాయి. దాన్నే మొత్తం అనే ఫంక్షన్‌కి పంపి, లోపల చుక్క పెడితే ఏమీ రావట్లేదు. నిన్న రాత్రి బస్తాలుకి బదులు బస్తలు అని కొట్టి, అరగంట వెతుక్కున్నాను. ఎడిటర్ పాడైందా?

జవాబు:
ఎడిటర్ బాగానే ఉంది. ఆ ఫంక్షన్‌లోకి ఏం వస్తుందో దానికి ఎవరు చెప్పారు? డెఫ్ లైన్‌లో ఉత్త స అని వదిలేయకుండా స: సరుకు అని రాయండి. లిస్ట్ పంపుతుంటే లిస్ట్[సరుకు] అనాలి, లేకపోతే ఫర్ లూప్‌లో మళ్ళీ ఇదే కథ. ఇలా రాయడం 3.9 నుంచి కుదురుతుంది. అంతకంటే పాతదైతే టైపింగ్ మాడ్యూల్ నుంచి తెచ్చుకోవాలి.

అడిగినవారు:
వచ్చేశాయండీ! కానీ కొత్త గొడవ. సరుకుల వివరాలు జేసన్ ఫైల్ (డేటా దాచే టెక్స్ట్ ఫైల్) నుంచి చదువుతున్నా. క్లాస్‌లో బస్తాలు: ఇంట్ (అంటే పూర్ణసంఖ్య) అని రాసే ఉంది. డీఏపీ 1350 చొప్పున రెండు బస్తాలకి 2700 రావాలా? స్క్రీన్ నిండా 2222222... నాన్న పక్కనే ఉన్నారు. "ఇంత బిల్లు ఏ రైతు కడతాడ్రా" అన్నారు.

ఇంకొకరి జవాబు:
మీ ఫైల్‌లో ఆ 2 కొటేషన్ల మధ్య ఉండి ఉంటుంది. అంటే అది స్ట్రింగ్, సంఖ్య కాదు, ఉత్త అక్షరాలు. స్ట్రింగ్‌ని 1350తో గుణిస్తే పైథాన్ ఆ 2ని 1350 సార్లు వరసగా రాసిపెడుతుంది, తప్పు అని కూడా అనదు. స: సరుకు, బస్తాలు: ఇంట్ లాంటి టైప్ హింట్లు 2015లో 3.5తో వచ్చినప్పటి నుంచీ అంతే, ప్రోగ్రాం నడిచేటప్పుడు దేన్నీ ఆపవు. గోడ మీద "ఇక్కడ బండ్లు ఆపరాదు" అని రాసినట్టు.

సెట్టింగ్స్‌లో టైప్ చెకింగ్ మోడ్ బేసిక్ పెట్టుకోండి, మామూలు తప్పులకి ఎర్రగీత వస్తుంది. ఇది మాత్రం దానికీ దొరకదు. జేసన్ నుంచి వచ్చిన వేరియబుల్ మీద మౌస్ ఉంచి చూడండి, ఎనీ అని కనబడుతుంది. ఎనీ అంటే ఏదైనా కావచ్చని, ఎడిటర్ చేతులెత్తేసినట్టే. ఫైల్ నుంచి వచ్చిన డిక్షనరీని నేరుగా డేటాక్లాస్‌లోకి పోసినా, డేటాక్లాస్ ఆ స్ట్రింగ్‌ని సంఖ్యగా మార్చదు. చదివే చోటే ఇంట్ వేసి మార్చుకోండి.

అడిగినవారు:
కొటేషన్లేనండీ, ఎక్సెల్ నుంచి తీసినప్పుడు చేరాయి. ఇంట్ వేశా, 2700 వచ్చింది. నాన్న మాత్రం ఇంకా కాలిక్యులేటర్‌తో సరిచూస్తున్నారు.